రెండు చిల్లులు

పెద్ద బ్యాంకు నుంచి తనిఖీకి వెళ్ళేవాళ్ళు అవతలి బ్యాంకులో టీ తాగరు. రూల్సు పుస్తకంలో ఎక్కడా రాసిలేదు గానీ, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే పైవాళ్ళు చెవిలో వేసే మాట అది. టీయే కదా అని తాగితే దాని వెనకాల బిస్కెట్లొస్తాయి, బిస్కెట్ల వెనకాల భోజనం వస్తుంది, భోజనం వెనకాల ఏమొస్తుందో ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే సోమవారం పొద్దున పదింటికి ఆ సహకార బ్యాంకు మెట్లెక్కుతున్నప్పుడు ఆవిడ ఒక చేతిలో కాగితాల సంచీ, ఇంకో చేతిలో ఫ్లాస్కు ఉన్నాయి. వెనకాల మెట్టు మెట్టుకీ ఆగుతూ సీనియరు వస్తున్నాడు. ఆయనకి రిటైర్మెంటు నాలుగు నెలల్లో ఉంది. ఆయనకిప్పుడు మోకాళ్ళు తప్ప వేరే ధ్యాస లేదు.

దేశంలో ఉన్న బ్యాంకులన్నిటి మీదా కన్నేసి ఉంచడం పెద్ద బ్యాంకు పని. ఈ ఐదు రోజులకీ ఈ బ్యాంకు మీద ఆ కన్ను ఆవిడే. పద్దెనిమిదేళ్ళుగా అనుమానించడానికే జీతం తీసుకుంటోంది మరి, ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకంగా తయారవక ఏమవుతుంది? ఆఫీసులో చాటుగా ‘భూతద్దం’ అంటారు. ఆవిడకి తెలుసు. పైకి చిరాకు పడుతుంది గానీ లోపల్లోపల కాస్త గర్వమే.

గుమ్మంలోనే మేనేజరు ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ నవ్వు. ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా పలికి నమస్కారం పెట్టాడు.

“నా పూర్తి పేరు మీకెలా తెలుసు?” అంది ఆవిడ.

“అయ్యో, తెలియకపోవడమేంటి మేడమ్! మీ సంతకం మాకు బాగా పరిచయం. రండి రండి, ఏసీ గదిలో అన్నీ సిద్ధం చేయించాను. మీరు అడగడమే ఆలస్యం.”

“అడక్కముందే సిద్ధం చేసినవి అలా పక్కన పెట్టండి. నేను అడిగినవి తెప్పించండి.”

మేనేజరు నవ్వు చెక్కుచెదరలేదు. వచ్చిన టీ వచ్చినట్టే వెనక్కి వెళ్ళింది. సీనియరు దాని వంక ఆశగా ఒక చూపు చూసి, ఫ్లాస్కు వైపు తిరిగాడు.

సంగతేమిటంటే, ఆ బ్యాంకు ఇంకో రెండు బ్రాంచీలు తెరుస్తానని అనుమతి అడిగింది. ఆవిడ రిపోర్టు బాగుందంటే అనుమతి వచ్చేస్తుంది. అప్పుడు ఇంకో రెండు పేటల్లో కుట్టుపనివాళ్ళు, కూరలబళ్ళవాళ్ళు, రిటైరైన టీచర్లు తాము దాచుకున్నదంతా తెచ్చి ఇందులో పోస్తారు. బాలేదంటే రాదు. ఐదు రోజుల్లో తేల్చాలి.

ఆ బ్యాంకు చైర్మన్ బావమరిదికి ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఉంది. దానికిచ్చిన అప్పు ఫైళ్ళు కావాలంది ఆవిడ. ఆరేళ్ళలో ఐదు అప్పులు. అరగంట తర్వాత కిర్రుకిర్రుమంటూ ఒక తోపుడుబండి గదిలోకి వచ్చింది. తోస్తున్నాయనకి యాభై ఎనిమిదేళ్ళుంటాయి. సన్నగా, కాస్త వంగి ఉన్నాడు. చొక్కా జేబులోంచి ఫైళ్ళు కట్టే తెల్ల ట్యాగులు గుత్తిగా వేలాడుతున్నాయి. కిందనున్న రికార్డు గది ఆయనది. అందరూ రికార్డాయన అంటారు. ఐదు ఫైళ్ళూ బల్ల మీద పెట్టి, అంచులు సమంగా సర్ది, ఇక వెళ్ళచ్చు కదా, వెళ్ళలేదు. ఆవిడ చేతుల వంకే చూస్తూ నిలబడ్డాడు.

“ఇంకేమన్నా ఉందా?” అంది ఆవిడ.

“లేదు మేడమ్. మీరు ఫైలు ఎలా చూస్తారో చూద్దామని.”

“ఎలా చూస్తాను? కళ్ళతో చూస్తాను. మీరు వెళ్ళండి.”

ఆయన వెళ్ళాక మేనేజరు తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు. “ఆయన్తో కాస్త జాగ్రత్త మేడమ్. చెప్పకూడదు గానీ, కింద కాగితాలు మాయమవుతుంటాయి. పెద్దాయన కదా, ఇంకో రెండేళ్ళే కదా అని ఓపిక పడుతున్నాం.”

ఒక మనిషి మీద ఎవరూ అడక్కుండా చాడీ చెప్పాడంటే చెప్పినవాణ్ణి అనుమానించాలి. పద్దెనిమిదేళ్ళ పాఠం అది. కానీ ఫైలు చూసేవాళ్ళ చేతుల వంక అలా గుడ్లప్పగించి చూసేవాణ్ణి కూడా అనుమానించాలి కదా? ఆవిడ ఇద్దరి పేర్లూ నోటుపుస్తకం వెనక పేజీలో రాసుకుంది.

మంగళవారమంతా ఆ ఐదు ఫైళ్ళతోనే గడిచింది. అప్పు ఇచ్చిన బ్యాంకు ఏటా ఒకసారి ఫ్యాక్టరీ గోదాముకి మనిషిని పంపి సరుకు చూడాలి. చూశాం, ఇంత ఉంది, అని ఒక కాగితం రాసి ఫైల్లో పెట్టాలి. సరుకు లేనివాడికి పాత అప్పు తీర్చుకోవడానికి కొత్త అప్పు, దాన్ని తీర్చుకోవడానికి ఇంకో అప్పు ఇస్తూ పోయారనుకోండి, పైకి అన్నీ వసూలైనట్టే కనిపిస్తాయి. లోపల డొల్ల. ఆ డొల్లతనాన్ని పట్టిచ్చేవి ఈ గోదాము కాగితాలే. ఇక్కడేమో ఏడాదికొకటి చొప్పున ఆరూ ఉన్నాయి, తేదీలున్నాయి, సంతకాలున్నాయి. ముత్యాల్లాంటి అక్షరాలు.

“బాగానే ఉన్నాయిగా తల్లీ!” అన్నాడు సీనియరు. “టిక్కు పెట్టేసెయ్. గోదాముకెళ్ళి అట్టపెట్టెలు లెక్కపెడదామంటావేమో, నా వల్ల కాదు. దుమ్ము పడదు నాకు.”

“మరీ బాగున్నాయి సార్. అదే నచ్చలేదు.”

ఆవిడకి ఒక అలవాటుంది. ముందు కాగితం మీద రాసింది చదవదు. కాగితాన్ని తిప్పి వెనకవైపు చూస్తుంది. ముందు పక్క అందరూ శ్రద్ధ పెడతారు, వెనక పక్క ఎవరూ చూసుకోరు. టీ మరకలు, వేలిముద్రలు, పక్క కాగితం సిరా అంటుకున్న గుర్తులు, అన్నీ వెనకే ఉంటాయి. ఆరేళ్ళనాటి కాగితాన్ని తిప్పింది. మరకా లేదు, మడతా లేదు. ట్యాగు ఎక్కించే రెండు చిల్లులున్నాయి. ఎడమ చిల్లు అంచున నెలవంకంత ముక్క పూర్తిగా తెగకుండా వేలాడుతోంది.

చిల్లులు పొడిచే మిషను పన్ను మొద్దుబారితే అలాగే అవుతుంది. ఆవిడ ఐదేళ్ళనాటి కాగితం తిప్పింది. ఎడమ చిల్లు, నెలవంక ముక్క. నాలుగేళ్ళది తిప్పింది. అదే ముక్క, అదే అంచున. మూడు, రెండు, నిరుడిది. ఆరింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. ఆరు ముక్కలూ ఒకే చోట వేలాడుతున్నాయి.

“సార్, ఒకసారి ఇలా చూడండి.”

సీనియరు కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. ఆరింటినీ మళ్ళీ లెక్కపెట్టాడు. తర్వాత “ఓరి వీళ్ళ దుంపతెగ!” అన్నాడు.

మధ్యాహ్నం ఆవిడ వేరే ఫైళ్ళు ఇరవై తెప్పించింది. ఆరేళ్ళ కిందటివి, మూడేళ్ళ కిందటివి, పోయిన నెలవి. ఒక్కొక్క కాగితాన్నీ తిప్పి చూసింది. అన్నిటికీ గుండ్రంగా, శుభ్రంగా ఉన్నాయి చిల్లులు. తెప్పించిన ఫైళ్ళన్నిటిలో ఆ నెలవంక ఈ ఆరు కాగితాలకి తప్ప ఎక్కడా లేదు. అంటే ఆరేళ్ళ కాగితాలూ ఒక్క విడతలో, ఒక్క మిషనుతో గుచ్చినవి. మసిపూసి మారేడుకాయ చేశారన్నమాట. ఆవిడకి ఒళ్ళు వెచ్చబడింది. దొరికారు అనుకున్నప్పుడు ఒక సంతోషం వస్తుంది చూశారూ, అది.

బుధవారం పొద్దున మేనేజర్ని పిలిచి కాగితాలు వెలుగుకి పట్టి చూపించింది. ఆయన తడబడతాడేమోనని ముఖంలోకే చూస్తోంది. తడబడలేదు. ముక్కున వేలేసుకున్నాడు.

“ఎంత పని చేశాడు మేడమ్! అసలు కాగితాలు ఎక్కడో పారేసుకుని ఉంటాడు. మీరొస్తున్నారని తెలిసి భయపడి వీటిని తయారుచేసి పెట్టుంటాడు. ఇంకెవరు? రికార్డాయనే. అలాంటి పాడు మిషను ఆయన గదిలోనే ఉంది, నేను కళ్ళారా చూశాను.”

“పిలిపించండి.”

రికార్డాయన వచ్చాడు. ఆవిడ కాగితాలు చూపించి, “ఇవి గుచ్చిందెవరు?” అంది.

ఆయన కాగితాల వంక చూడలేదు. ఆవిడ వంక చూశాడు. “తిప్పి చూశారా?” అన్నాడు.

“నేనడిగినదానికి చెప్పండి.”

“నేనే మేడమ్. గుచ్చింది నేనే.”

“రాసిందెవరు?”

ఆయన ఒకసారి మేనేజరు వైపు చూసి తల దించుకున్నాడు. గంట తిరక్కుండా మేనేజరు ఒక టైపు కాగితం తెచ్చాడు. అసలు కాగితాలు నా అజాగ్రత్త వల్ల పోయినవి, ఆ తప్పు కప్పిపుచ్చుకోవడానికి నేనే ఈ నకిలీలు తయారుచేసితిని, అని అందులో ఉంది. కింద రికార్డాయన సంతకానికి ఖాళీ వదిలారు.

“సంతకమేది?” అంది ఆవిడ.

“శుక్రవారంలోగా పెడతానన్నాడు మేడమ్. పెట్టకేం చేస్తాడు! పెడితే ఉద్యోగం పోతుంది, పెట్టకపోతే పోలీసులొస్తారు. ఆ మాట చెప్పాను.”

చెప్పకేం, నీకు నోట్లో నాలుక బానే ఉంది, అనుకుంది ఆవిడ. అయినా చేతికందిన దొంగని వదిలేస్తే ఇంకో దొంగ దొరక్కపోవచ్చు. సాయంత్రం నాలుగింటికి రిపోర్టు చిత్తుప్రతిలో పేరా పదిహేడు రాసింది: ‘రికార్డు గది బాధ్యుడు అసలు పత్రాలు పోగొట్టి, నకిలీ పత్రాలు చేర్చినట్లు కనిపిస్తున్నది. అతనిపై చర్య తీసుకోవలెను.’ రాసి, సిరా ఆరేదాకా దాని వంకే చూస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అత్తగారు వంటింటి గడపలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఆవిడ కాళ్ళు కడుక్కుని వచ్చి తనూ ఒక గుప్పెడు ముందేసుకుంది. ఆఫీసు మాటలు ఇంట్లో చెప్పకూడదు. పేర్లు చెప్పకుండా చెబితే తప్పులేదని వాళ్ళిద్దరికీ ఎప్పట్నుంచో ఒక ఒప్పందం ఉంది.

“అడగ్గానే ఒప్పుకున్నాడత్తయ్యా. నేనే చేశానన్నాడు.”

“అడగ్గానేనా?” అత్తగారి చెయ్యి ఆగింది. “నీ మొగుడు చూడు, వాడు గ్లాసు పగలగొట్టి ముక్కలు చేత్తో పట్టుకునున్నా నేను కాదంటాడు. అడగ్గానే ఒప్పుకునే మగాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదమ్మాయ్.”

“అంటే?”

“నాకేం తెలుసు! భూతద్దానివి నువ్వు.”

“ఆ పేరు మీకెవరు చెప్పారు?”

“నీ మొగుడే. ఒలువు ఒలువు, మాటల్లో పడి పురుగులున్నవి కూడా వేసేస్తున్నావు.”

ఆవిడ నవ్వింది గానీ మనసు కుదురుగా లేదు. గుచ్చింది నేనేనన్నాడు. రాసింది నేనేనని అనలేదు. అది తను విన్నదీ, విని కూడా వదిలేసిందీ. ఇంత చిన్న సంగతి ఎలా జారవిడిచాను అని తనని తాను తిట్టుకుంది.

గురువారం పొద్దున ఎవరికీ చెప్పకుండా రికార్డు గదికి దిగింది. మెట్ల కింద గది. ఒక్కటే బల్బు. గోడ పొడుగునా ఇనప ర్యాకులు. ఎంత చీకటిగా ఉన్నా దుమ్ము మాత్రం లేదు. ప్రతి కట్టకీ తెల్లచీటీ, దాని మీద గుండ్రటి అక్షరాలు. ఇంత శుభ్రంగా ఉంచుకునేవాడు ఆరు కాగితాలు పారేసుకుంటాడా? బల్ల వెనక కూర్చున్న రికార్డాయన లేచి నిలబడ్డాడు. ఉన్న ఒక్క కుర్చీ ఆవిడ వైపు జరిపాడు.

“ఆ గోదాము కాగితాలు మీకు ఎవరిచ్చారు?” అంది ఆవిడ కూర్చోకుండానే.

“చెబితే ఏం చేస్తారు మేడమ్?”

“ఏం చెయ్యడమేంటి? రాసుకుంటాను.”

“ఒకసారి చెప్పాను. నోటితో కాదు, రాసిచ్చాను. రెండేళ్ళయింది.”

“ఎవరికి?”

ఆయన ఆవిడ మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు వైపు చూశాడు. “మీకే.”

“నాకా?”

“మీ పెద్ద బ్యాంకుకి. అప్పుడు నేను పైనే, అప్పుల సెక్షన్లో ఉండేవాణ్ణి. కిటికీ పక్క సీటు. రాసిన ఇరవై రోజులకి ఇక్కడికి పంపేశారు.” గొంతులో కోపం లేదు. బస్సు ఎన్నింటికో చెబుతున్నంత మామూలుగా చెప్పాడు. “ఇప్పుడు ఇక్కణ్ణుంచి కూడా పంపిస్తే ఇంటికే. పాతికేళ్ళ సర్వీసు, చివర్లో ఇచ్చేది ఒక్క పైసా రాదు. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.”

“ఆ ఉత్తరం ఏమైంది?”

“పైన మేనేజరుగారి గదిలో ఫిర్యాదుల ఫైలని ఒకటుంది. అడిగి చూడండి. ఇవ్వననరు. సంతోషంగా ఇస్తారు.”

ఎందుకు సంతోషంగా ఇస్తాడో పైకెళ్ళాక తెలిసింది. మేనేజరు బీరువా తెరిచి ఫైలు తనే తీశాడు, పేజీ కూడా తనే తిప్పి ఎదురుగా పెట్టాడు. పక్కకి తప్పుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పైన ఉన్నది పెద్ద బ్యాంకు నుంచి వచ్చిన అచ్చు ఉత్తరం. ‘ఇందుతో జతపరచిన ఫిర్యాదుపై మీ వివరణను పదిహేను రోజులలోగా పంపవలెను.’ ఫిర్యాదు వస్తే ఎవరి మీద వచ్చిందో వాళ్ళకే పంపించి సంజాయిషీ అడగడం ఆ ఆఫీసు పద్ధతి. కాకపోతే పంపేముందు రాసినవాడి పేరు కొట్టెయ్యాలి, దాన్ని నల్లసిరాతో పూడ్చెయ్యాలి. వెనక జతచేసిన కాగితం మీద గుండ్రటి అక్షరాలు. మొదటి వాక్యమే, ‘దయచేసి నా పేరు బయటపెట్టవద్దని ప్రార్థన.’ కింద పేరు, హోదా, సంతకం. నల్లసిరా ఎక్కడా లేదు.

అచ్చు ఉత్తరం కింద సంతకం ఆవిడది.

రెండేళ్ళ కిందట ఫిర్యాదుల సెక్షన్లో ఒకావిడ పురుటి సెలవు మీద వెళితే మూడు నెలలు ఆ బల్ల కూడా తనే చూసింది. రోజుకి అరవై, డెబ్భై ఉత్తరాలు. సాయంత్రం ఐదింటికి కట్ట తెచ్చి ముందు పెట్టేవారు. సంతకం, సంతకం, సంతకం. వెనక ఏం జత చేశారో చూసేదా? ప్రపంచంలో కాగితాలన్నీ తిప్పి చూసే మనిషి, తన కాగితం ఒక్కటి తిప్పి చూడలేదు. ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా ఆ ఉత్తరం గుర్తు రాలేదు. అదే ఆవిడకి ఎక్కువ సిగ్గనిపించింది.

ఫైల్లో తర్వాతి కాగితం మేనేజరు ఇచ్చిన సంజాయిషీ. ఫిర్యాదుదారు అసంతృప్తితో ఉన్న ఉద్యోగి, అతన్ని వేరే విభాగానికి మార్చాం, అని రెండు లైన్లు. దాని మూల మీద ‘వివరణ సంతృప్తికరం, మూసివేయవచ్చు’ అని పెద్ద బ్యాంకు ముద్ర.

“అందుకే అన్నాను మేడమ్, మీ సంతకం మాకు బాగా పరిచయమని,” అన్నాడు మేనేజరు మెల్లగా. “పాత సంగతులు తవ్వితే ఎవరికి మంచిది చెప్పండి! ఆ టైపు కాగితం మీద ఆయన రేపు సంతకం పెట్టేస్తాడు. మీ పనీ అయిపోతుంది, మా పనీ అయిపోతుంది.”

ఆవిడ రికార్డాయన ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివింది. రెండో పేరాలో ఉంది అసలు సంగతి. ‘అట్టపెట్టెల ఫ్యాక్టరీ గోదామును ఈ నాలుగేళ్ళలో మా బ్యాంకు తరఫున ఎవరూ చూడలేదు. అందుకు సంబంధించిన కాగితం ఒక్కటి కూడా ఫైల్లో లేదు.’ పైన పెద్ద బ్యాంకుకి అందినట్టు ముద్ర, రెండేళ్ళ కిందటి తేదీ.

రెండుసార్లు చదివాక ఆవిడకి లెక్క తేలింది. లేవని రెండేళ్ళ కిందటే చెప్పినవాడు ఉన్నవాటిని పారేసుకోవడం ఎలా కుదురుతుంది? అసలు కాగితాలనేవే పుట్టలేదు. మేనేజరు చెప్పేవి కాకమ్మ కబుర్లని తేల్చడానికి ఈ భూమ్మీద ఉన్న సాక్ష్యం ఈ ఒక్క ఉత్తరమే. దాన్ని రిపోర్టులో పెడితే రికార్డాయన బయటపడతాడు. పెట్టాలంటే దాని పైనున్న అచ్చు ఉత్తరం, దాని కిందున్న సంతకం కూడా పెట్టాలి.

ఏసీ గదిలోకి వచ్చి సీనియరు ముందు రెండు కాగితాలూ పెట్టింది. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు.

“ఇది వేరే సెక్షన్ సంగతి తల్లీ. మన తనిఖీలోకి రాదు. వచ్చే నెల నీ ప్రమోషన్ జాబితా.”

“తెలుసు సార్.”

“ఫిర్యాదు చేసినవాడి పేరు బయటపెట్టడం అంటే చిన్న తప్పు కాదు. నోటీసిస్తారు. నీ మెడకే చుట్టుకుంటుంది. ఆ ముసలాయన్ని వదిలేద్దాం, పేరా పదిహేడు కొట్టేద్దాం. ‘కాగితాలపై అనుమానములు గలవు’ అని ఒక ముక్క రాసి చేతులు దులుపుకుందాం. ఎవరికీ నష్టం లేదు.”

“మేనేజరుకి అసలే లేదు. మనం వెళ్ళిన మర్నాడు ఆయన చేత ఆ సంతకం పెట్టించుకుంటాడు.”

సీనియరు ఫ్లాస్కు మూత తిప్పి తనకి కొంచెం, ఆవిడకి కొంచెం టీ పోశాడు. ఆవిడ ముందున్నది చల్లారిపోయింది. ఆ మధ్యాహ్నమంతా ఆవిడ పేరా పదిహేడు మూడుసార్లు రాసింది, రెండుసార్లు చింపింది. భయం వేసింది, వెయ్యకేం! ఇంటి మీద అప్పుంది, కూతురు చదువుంది. ఒక దశలో సీనియరు చెప్పినట్టే రాసేసింది కూడా. రాసి, అలవాటు కొద్దీ ఆ కాగితాన్ని తిప్పింది. వెనక పక్క తెల్లగా, ఏమీ లేకుండా ఉంది. దాన్ని కూడా చింపింది.

శుక్రవారం మూడింటికి ముగింపు సమావేశం. చైర్మన్ వచ్చాడు. లావుపాటి చేతి గడియారం, ముఖం నిండా మర్యాద. పక్కన మేనేజరు. బల్ల మీద టైపు కాగితం, ఆ పక్కన మూత తీసిన పెన్ను ఉన్నాయి. రికార్డాయన గోడవారగా నిలబడ్డాడు.

ఆవిడ ఒక్కొక్క పేరా చదువుతూ వచ్చింది. పదిహేడుకి వచ్చింది.

“‘ఫ్యాక్టరీ గోదామును తనిఖీ చేసినట్లు చూపిన ఆరు పత్రాలు నకిలీవి. ఒకే రోజున ఫైలులో చేర్చబడినవి. మొదటి నాలుగేళ్ళకు అసలు పత్రాలే లేవని ఇదే బ్యాంకు ఉద్యోగి రెండేళ్ళ కిందటే మా కార్యాలయానికి లిఖితపూర్వకంగా తెలిపియున్నాడు. ఆ ఫిర్యాదును అతని పేరుతో సహా ఈ బ్యాంకుకే పంపుట మా కార్యాలయపు తప్పిదము. ఆ ఉత్తరముపై సంతకము ఈ నివేదిక రాయుచున్న అధికారిదే. ప్రతులు జతపరచడమైనది. సదరు ఉద్యోగి పత్రాలను గుచ్చుట మాత్రమే చేసినట్లు చెప్పుచున్నాడు. అతని ఉద్యోగమునకు భంగము కలగరాదు. పత్రాలు ఎవరు తయారుచేసినదీ విచారించవలెను. అంతవరకు కొత్త బ్రాంచీలకు అనుమతి సిఫారసు చేయుట లేదు.’”

చైర్మన్ ముఖంలో మర్యాద ఇంకిపోయింది. “ఇందులో మీ పేరు కూడా ఉందమ్మా. చూసుకున్నారా?”

“ఉందండీ. నేనే రాశాను.”

మేనేజరు కాసేపటికి పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. సంతకం లేని టైపు కాగితాన్ని ఆవిడ బల్ల మీంచి తీసి తన సంచీలో పెట్టుకుంది. గోడవార నిలబడ్డాయన ఎప్పుడు వెళ్ళిపోయాడో ఎవరూ చూడలేదు.

జతచేసిన ప్రతులకి ట్యాగు కట్టి సీలు వెయ్యాలి. సీనియరు పైనే ఎవరిదో మిషను అడుగుతానన్నాడు. ఆవిడ వద్దని, కాగితాలు పట్టుకుని కిందకి దిగింది. రికార్డాయన బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. చేతిలో పనేమీ లేదు. ఆవిడ పేరా పదిహేడున్న పేజీ ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, వేలు కింద పెట్టుకుంటూ చదివాడు. అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

“తప్పయిపోయింది,” అంది ఆవిడ. “రెండేళ్ళు మిమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టింది నేనే. మొన్న నా చేత్తోనే మీ ఉద్యోగం తీసెయ్యమని కూడా రాశాను.”

ఆయన పర్వాలేదనలేదు. అంటాడేమోనని ఆవిడ కాసేపు చూసింది. అనలేదు. పేజీ మాత్రం జాగ్రత్తగా ఆవిడ వైపు జరిపాడు. “మీకు నోటీసొస్తుందా మేడమ్?” అన్నాడు.

“వస్తుంది.”

“ఊఁ. ఇలా ఇవ్వండి, గుచ్చిస్తాను,” అన్నాడు.

బల్ల కుడివైపు ఒక పెద్ద నల్ల మిషనుంది. ఇనపది, బరువైనది. పిడి దగ్గర రంగు పోయి చేతి రాపిడికి నునుపు తేలింది. ఆయన కాగితాలు అంచులు కలిపి, మధ్యకి మడిచి గుర్తు పెట్టుకుని, మిషన్లో దూర్చి ఒక్కసారి నొక్కాడు. టక్కుమంది. గుండ్రటి ముక్కలు రెండు బల్ల మీద పడ్డాయి.

ఆవిడ మిషను వంక చూసింది, ఆయన వంక చూసింది.

“ఇది కొత్తగా కొన్నారా?”

“లేదు మేడమ్. పద్నాలుగేళ్ళ నుంచీ ఉంది. ఈ బ్యాంకులో ఏ ఫైలైనా దీంతో గుచ్చిందే.”

“మరి ఆ ఆరు కాగితాలు?”

ఆయన వంగి, బల్ల కింద పాత సామాన్ల అట్టపెట్టెలోంచి తుప్పు పట్టిన చిన్న మిషనొకటి తీసి పైన పెట్టాడు. ఎడమ పన్ను అరిగిపోయి ఉంది. “దీన్ని మూల పడేసి కూడా అన్నేళ్ళయింది. మేనేజరుగారు ఆ కాగితాలు తెచ్చి గుచ్చమన్న రోజు వెతికి తీశాను. ఇంకోసారి ఉత్తరం రాసే ధైర్యం లేకపోయింది మేడమ్. ఎవరన్నా వస్తారు, తిప్పి చూస్తారేమో అనుకున్నాను.”

ఆవిడకి సోమవారం ఆ మనిషి తన చేతుల వంక ఎందుకలా చూశాడో అప్పటికి తెలిసింది. రికార్డాయన జేబులోంచి ఒక తెల్ల ట్యాగు లాగి, చిల్లుల్లో ఎక్కించి, ముడి వేశాడు. అంచులు మరోసారి సమంగా సర్ది, కట్టని రెండు చేతులతో ఆవిడకి అందించాడు.

“తిప్పి చూసుకోండి మేడమ్,” అన్నాడు.

ఆవిడ కట్టని తిప్పి, ఒక్కొక్క కాగితం వెనకా చూసుకుంది.